మతిమరుపు జబ్బు జన్యు పరీక్ష: ఫలితం ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న అల్జీమర్స్‌తో తొమ్మిదేళ్ళు బతికారు. ఆయన పోయాక కూడా, హైదరాబాద్‌లో ఇలాంటి పెద్దవాళ్ళను చూసుకునే కుటుంబాలు కలిసే చోటికి నేను వెళ్తూనే ఉన్నాను. ఒకప్పుడు అక్కడ మాటలన్నీ మందులు, డైపర్లు, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం గురించే. ఇప్పుడు ఎవరో ఒకరు ఫోన్ తీసి జన్యు పరీక్ష రిపోర్టు చూపించి, “ఇది మా అన్నయ్యకు చెప్పాలా వద్దా?” అంటున్నారు. ఒకే సందేహం పదిమంది నోట వినీ వినీ రాసి పెడదామనిపించింది. నేను డాక్టర్ని కాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవనక్కర్లేదు.

## పరీక్షకు ముందు

నాన్నకు డిమెన్షియా ఉంది. నాకు వస్తుందో లేదో పరీక్షలో తేలిపోతుందా?

చాలామంది విషయంలో తేలదు. డిమెన్షియా అంటే మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు, అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. ఇక్కడ చెప్పేది దాని గురించే. జన్యు పరీక్ష అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో రెండు వేరువేరు సంగతులున్నాయి.

మొదటిది ఏపీఓఈ అనే జన్యువు. దీనికి ఈ2, ఈ3, ఈ4 అని మూడు రూపాలు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. ఒక ఈ4 ఉంటే అల్జీమర్స్ ముప్పు సుమారు 2–3 రెట్లు, రెండూ ఈ4లే అయితే 8–12 రెట్లు పెరుగుతుందని చెబుతారు. ఈ లెక్కలు ఎక్కువగా ఐరోపా మూలాలున్నవాళ్ళ మీద వేసినవి, మనకు అచ్చంగా అంతే వర్తిస్తాయని అనుకోకూడదు. పైగా ఈ4 ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, లేనంత మాత్రాన రాకుండా పోదు.

రెండోది అరుదైన జన్యు మార్పులు. ఏపీపీ, పీఎస్ఈఎన్1, పీఎస్ఈఎన్2 అనే జన్యువుల్లో వస్తాయి. మొత్తం అల్జీమర్స్ కేసుల్లో ఇవి 1 శాతం లోపే. ఈ కుటుంబాల్లో జబ్బు సాధారణంగా 65 ఏళ్ళ లోపే, చాలాసార్లు నలభైల్లో, యాభైల్లో మొదలవుతుంది. జబ్బున్న తల్లి లేదా తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ ఆ మార్పు వచ్చే అవకాశం 50 శాతం. వస్తే జబ్బు దాదాపు ఖాయం.

మొదటి రకాన్ని రెండో రకంలా చెబితే ఇల్లంతా వణికిపోతుంది. రెండోదాన్ని మొదటిదానిలా తేలిగ్గా చెబితే అవతలివాళ్ళకు అన్యాయం చేసినట్టు. నోరు విప్పేముందు మీ చేతిలో ఉన్నది ఏదో తెలుసుకోండి.

పరీక్ష చేయించుకుంటున్నానని ఇంట్లో ముందే చెప్పాలా?

ఒక్కరికి చాలు. పదిమందికి చెబితే రిపోర్టు వచ్చే రోజున పదిమందీ “ఏమొచ్చింది?” అంటారు. మీరు మౌనంగా ఉంటే ఆ మౌనాన్నే జవాబుగా చదువుకుంటారు. మీతోపాటు కౌన్సెలింగ్‌కు (అంటే పరీక్ష ఫలితానికి అర్థమేమిటో వివరించి చెప్పే జన్యు కౌన్సెలర్ దగ్గరికి) రాగలిగే మనిషిని, విన్నది తన దగ్గరే ఉంచుకునే మనిషిని చూసుకోండి.

మాకు మేనరికాలు ఎక్కువ. అందుకే మా ఇంట్లో ఈ జబ్బు వచ్చిందా?

అరుదైన వంశపారంపర్య అల్జీమర్స్‌కు మేనరికంతో సంబంధం లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మార్పు వచ్చినా చాలు, అవతలివాళ్ళు బంధువులైనా కాకపోయినా అవకాశం అంతే. ఏపీఓఈ సంగతి కొంచెం వేరు. ఒకే ఇంటి నుంచి ఈ4 భార్యకూ భర్తకూ వచ్చి ఉంటే, పిల్లల్లో రెండు ఈ4లు కలిసే వీలుంది. అయినా “మీ అన్నయ్య కూతుర్ని చేసుకోబట్టే ఇలా అయింది” అని నాయనమ్మ మీద విరుచుకుపడటానికి ఈ రిపోర్టును వాడుకోకండి.

తాతయ్యకు యాభై ఏళ్ళకే వచ్చింది. అమ్మ తెలుసుకోనంటోంది. నేను మాత్రం చేయించుకోవచ్చా?

అన్ని ప్రశ్నల్లోకీ బరువైనది ఇదే. తాతయ్యకు పీఎస్ఈఎన్1 లాంటి మార్పు ఉందని తేలిందనుకుందాం. మీకూ అదే మార్పు ఉందని వస్తే, అది మీ అమ్మ నుంచే వచ్చి ఉండాలి. అంటే ఆవిడ తెలుసుకోనన్న విషయాన్ని ఆవిడ రక్తం చుక్క తీయకుండానే మీరు తేల్చేశారు. ఆ తర్వాత ఆవిడ వంటగదిలో ఉప్పు రెండుసార్లు వేసినా మీ ముఖం మారుతుంది. తల్లులు ముఖం చదవగలరు.

పరీక్ష చేయించుకునే హక్కు మీకుంది, కాదనలేం. కానీ ముందు అమ్మతో కూర్చోండి. “నేను చేయించుకుంటే నీ సంగతి కూడా తెలిసిపోవచ్చు, నాకు ఏమొచ్చిందో నీకు చెప్పను, సరేనా?” అని సూటిగా అడగండి. జన్యు కౌన్సెలర్ ఎదురుగా ఈ మాట జరిగితే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, సీడీఎఫ్‌డీలో జన్యు నిర్ధారణ సేవలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్ళే తెలుగువాళ్ళూ చాలామందే.

## రిపోర్టు చేతికొచ్చాక

మొదట ఎవరికి చెప్పాలి?

వారం రోజులు ఎవరికీ చెప్పకపోయినా కొంప మునగదు. ఆ తర్వాత, ఈ కబురు ఎవరి జీవితాన్ని మారుస్తుందో వాళ్ళకు చెప్పాలి. అంటే జీవిత భాగస్వామి, తర్వాత తోబుట్టువులు, పెద్దవాళ్ళైన పిల్లలు. మేనత్తలు, బాబాయిల వరస ఆ తర్వాతే. ఎవరు ఎక్కువ బాధపడతారన్నది కాదు, ఎవరు దీన్నిబట్టి ఒక నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందన్నది చూడండి.

రిపోర్టులో ‘వీయూఎస్’ అని వచ్చింది. ఏమని చెప్పాలి?

ఏమీ చెప్పకండి. జన్యువులో ఒక మార్పు కనిపించింది, అది మంచిదో చెడ్డదో ఇప్పటికి తేలలేదు అని దాని అర్థం. తేలని సంగతి చెబితే వినేవాళ్ళు చెడ్డవైపే లెక్కేసుకుంటారు. ఒకటి రెండేళ్ళకోసారి ల్యాబ్‌ను అడుగుతూ ఉండండి, వర్గీకరణ మారవచ్చు.

చెబితే వాళ్ళు కుంగిపోతారేమో?

మనం భయపడినంతగా కుంగిపోరు. అమెరికాలో రివీల్ అనే అధ్యయనం ఈ ప్రశ్న మీదే జరిగింది. తల్లికో తండ్రికో అల్జీమర్స్ ఉన్న 162 మందిని తీసుకుని, కొందరికి ఏపీఓఈ ఫలితం చెప్పారు, కొందరికి చెప్పలేదు. 2009లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం ఆందోళనలో, డిప్రెషన్‌లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఒక మెలిక ఉంది. వాళ్ళకు ఊరికే కాగితం చేతికివ్వలేదు, కూర్చోబెట్టి, వివరించి, తర్వాత మళ్ళీ మళ్ళీ పలకరించారు. మెసేజ్ పెట్టి ఫోన్ స్విచాఫ్ చేసేవాళ్ళకు ఈ భరోసా వర్తించదు.

ఇంకోవైపు 2014లో వచ్చిన మరో అధ్యయనం ఉంది. తమకు ఈ4 ఉందని తెలిసిన పెద్దవయసువాళ్ళు, ఈ4 ఉండీ ఆ సంగతి తెలియనివాళ్ళ కంటే జ్ఞాపకశక్తి పరీక్షల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నారు, తమ జ్ఞాపకశక్తిని తామే తక్కువగా అంచనా వేసుకున్నారు. జన్యువు ఒకటే, తెలియడం ఒక్కటే తేడా. చెప్పేముందు అడిగి చెప్పమనేది ఇందుకే.

నాకే తెలుసుకోవాలని లేదు. పిరికితనమా?

కాదు. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకరైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుక్రమమంతా లోకానికి విడుదల చేస్తూ, ఏపీఓఈ ఒక్కటి మాత్రం తనకూ చెప్పొద్దన్నారు. ఆయన నాయనమ్మ, అమ్మమ్మల్లో ఒకరికి అల్జీమర్స్ ఉండేది. కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో పీఎస్ఈఎన్1 మార్పు తరతరాలుగా వస్తున్న పెద్ద కుటుంబం ఉంది. అక్కడ మందు ప్రయోగం చేసినప్పుడు, మార్పు లేనివాళ్ళను కూడా కొందరిని కావాలనే చేర్చుకున్నారు. చేరినంత మాత్రాన ‘నీకుంది’ అని తేలిపోకూడదని. తెలుసుకోకుండా ఉండే హక్కుకు వాళ్ళిచ్చిన విలువ అది.

## ఇంట్లోవాళ్ళకు చెప్పేటప్పుడు

అన్నయ్యతో మాట ఎలా మొదలుపెట్టాలి?

రెండు విడతల్లో. మొదటి విడతలో ఫలితం చెప్పకూడదు, అడగాలి. “అన్నయ్యా, నాన్న జబ్బు గురించి నేనొక పరీక్ష చేయించుకున్నాను. అందులో వచ్చినది నీకూ సంబంధించింది కావచ్చు. నీకు వినాలని ఉందా? ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఆలోచించుకో.” అంతే. చాలామంది వెంటనే “చెప్పు” అంటారు. అయినా రెండు రోజులు ఆగండి. ఆ రెండు రోజుల్లో వదినతో మాట్లాడుకుని, “వద్దులేరా, పిల్ల పెళ్ళయ్యాక చూద్దాం” అన్నవాళ్ళను నేను చూశాను. అది కూడా జవాబే, దాన్ని గౌరవించాలి.

రెండో విడతలో ఎదురెదురుగా కూర్చునో, కనీసం వీడియో కాల్‌లోనో చెప్పండి. డాలస్‌లో ఉన్న తమ్ముడికి అక్కడ ఆఫీసు వేళలో ఫోన్ చేసి చెప్పే సంగతి కాదిది. మీకు ఏముందో చెప్పండి, ఆయనకు ఏముందో ఊహించి చెప్పకండి. మీకు ఒక ఈ4 ఉంటే అన్నయ్యకు ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ ఒకేసారి తెలుస్తుంది కదా?

వద్దు. మా బంధువుల్లోనే ఒకాయన రిపోర్టు ఫొటో గ్రూపులో పెట్టాడు. అరగంటలో తీసేశాడు గానీ అప్పటికే మూడు ఇళ్ళకు ఫార్వర్డ్ అయిపోయింది. సాయంత్రానికి “వాళ్ళ వంశంలో పిచ్చి ఉందట” అయింది. డిమెన్షియా పిచ్చి కాదని చెప్పుకోవడానికి వాళ్ళకు ఏడాది పట్టింది.

మేమిద్దరం కవలలం. తమ్ముడికి చెప్పకుండా ఉండొచ్చా?

ఒకే పోలికతో ఉన్న కవలలైతే మీ ఫలితం అతని ఫలితమే. పరీక్షకు ముందే అతని ఒప్పుకోలు తీసుకోండి. పోలిక లేని కవలలైతే మామూలు అన్నదమ్ముల లెక్కే.

జబ్బున్న నాన్నకే చెప్పాలా?

జబ్బు తొలి దశలో ఉండి, అడిగితే అర్థం చేసుకోగలిగితే తప్పకుండా చెప్పాలి. రక్తం ఆయనది. పిల్లలకు తన వల్లే వచ్చిందన్న అపరాధ భావం ముంచుకొస్తుంది కాబట్టి, “ఇది నువ్వు చేసింది కాదు నాన్నా, నీకూ మీ నాన్న ఇచ్చిందే” అన్న మాట కూడా కలిపి చెప్పండి. జబ్బు ముదిరి, చెప్పింది గంటలో మరిచిపోయి, బాధ మాత్రం మిగిలిపోయే దశలో అయితే చెప్పి సాధించేదేమీ లేదు.

పిల్లలకు ఎప్పుడు చెప్పాలి?

పెద్దయ్యాక వచ్చే జబ్బులకు 18 ఏళ్ళ లోపు పిల్లలకు పరీక్ష చేయరు, చేయించకూడదు కూడా. వాళ్ళు పెద్దయ్యాక తామే నిర్ణయించుకోవాలి. చిన్నప్పుడు అడిగితే తాతయ్య జబ్బు గురించి నిజం చెప్పండి, మీ రిపోర్టు గురించి కాదు. ఇరవైల్లోకి వచ్చాక, పెళ్ళికీ పిల్లల్ని కనడానికీ ముందు, కుటుంబంలో ఇలాంటిది ఉందన్న సంగతి మాత్రం వాళ్ళకు తెలిసి ఉండాలి.

నాకు లేదని వచ్చింది, చెల్లికి ఉంది. సంతోషం చెప్పుకోవచ్చా?

చెల్లి ముందు వద్దు. లేదని తేలినవాళ్ళకు కూడా నిద్ర పట్టదని చాలామందికి తెలియదు, నాకెందుకు తప్పింది, దానికెందుకు వచ్చింది అని నలిగిపోతారు. మీ సంతోషం మీ ఆవిడతోనో ఆయనతోనో పంచుకోండి.

నేను చెప్పకపోతే డాక్టరే మా వాళ్ళకు చెప్పేస్తారా?

మామూలుగా చెప్పరు. మన దేశంలో డాక్టర్ల 2002 నాటి వృత్తి నియమాల ప్రకారం రోగి రహస్యాన్ని కాపాడాలి. ఒక నిర్దిష్ట వ్యక్తికి తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఒక తండ్రి తనకున్న హంటింగ్టన్స్ అనే వంశపారంపర్య మెదడు జబ్బు సంగతి గర్భంతో ఉన్న కూతురికి చెప్పొద్దన్నాడు, ఆసుపత్రి చెప్పలేదు, ఆమె కేసు వేసింది. రోగి రహస్యాన్నీ కూతురి అవసరాన్నీ తూకం వేసి చూడాల్సిన బాధ్యత డాక్టర్లకు ఉందని 2020లో హైకోర్టు చెప్పింది, కానీ ఆ కేసులో మాత్రం ఆమె ఓడిపోయింది.

## పెళ్ళి, ఇన్సూరెన్సు, ఉద్యోగం

సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి వాళ్ళకు చెప్పాలా?

ఏపీఓఈ అయితే చెప్పాల్సిన పని లేదని నా అభిప్రాయం. ఇంట్లో బీపీ ఉందనో షుగర్ ఉందనో పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పరు. డెబ్బై ఏళ్ళకు రావచ్చు, రాకపోవచ్చు అన్నదాన్ని ఇరవై ఆరేళ్ళ పిల్ల నెత్తిన పెట్టి బజారుకెక్కించడం న్యాయం కాదు.

నలభైల్లో వచ్చే అరుదైన మార్పు మీలో ఉందని నిర్ధారణగా తేలితే మాత్రం చెప్పాలి. ఎవరికి? మధ్యవర్తికి కాదు, కాబోయే అత్తమామలకు కాదు. ఆ అబ్బాయికి, ఆ ఒక్కడికే, ఇద్దరూ ఒకరికొకరు నచ్చాక, నిశ్చితార్థానికి ముందు. సంబంధం తప్పిపోవచ్చు. తాంబూలాలు పుచ్చుకున్నాక తెలిసి తప్పిపోవడం కంటే అది మేలు. ఇందులో మీ చెల్లెలి బతుకు కూడా ముడిపడి ఉంది కాబట్టి, బయటివాళ్ళకు చెప్పేముందు ఆమెకు చెప్పండి.

ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పాలా? మన దేశంలో చట్టం ఏమంటోంది?

జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు, గుండె జబ్బున్న ఒక వ్యక్తి కేసులో, ‘జన్యు జబ్బులు’ అని గంపగుత్తగా పాలసీ నుంచి మినహాయించడం వివక్షేనంది. ఆ తీర్పులో కొంత భాగం మీద అదే ఏడాది సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మాత్రం 2018 మార్చిలోనే, అలాంటి మినహాయింపు చూపించి క్లెయిములు తిరస్కరించొద్దని కంపెనీలకు చెప్పింది.

ఆచరణలో చేయాల్సింది ఒకటే. ప్రపోజల్ ఫారంలో అడిగినదానికి నిజం రాయండి, అడగనిది పనిగట్టుకుని రాయకండి. జన్యు పరీక్ష గురించి అడిగి ఉంటే అబద్ధం ఆడకండి, తర్వాత క్లెయిమ్ దగ్గర అదే మెడకు చుట్టుకుంటుంది. టర్మ్ పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే పరీక్షకు ముందే తేల్చుకునేవాళ్ళున్నారు. ఇంకా తెలియని ఫలితాన్ని దాచడమంటూ ఉండదు.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడ భయం లేదంటారు, నిజమేనా?

సగం నిజం. జీనా అనే 2008 చట్టం హెల్త్ ఇన్సూరెన్సులో, ఉద్యోగంలో రక్షణ ఇస్తుంది. 15 మంది లోపు పనిచేసే చిన్న కంపెనీలకు వర్తించదు. లైఫ్ ఇన్సూరెన్సు, డిజబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్సుల జోలికి ఆ చట్టం పోలేదు. డిమెన్షియాకు అసలు కావాల్సింది ఆ చివరిదే. ఫ్లోరిడా 2020లో సొంత చట్టంతో వీటికీ అడ్డుకట్ట వేసింది. కెనడాలో 2017 చట్టం ఇంకా గట్టిది. బ్రిటన్‌లో ప్రభుత్వానికీ కంపెనీలకూ మధ్య ఒప్పందం ఉంది, 5 లక్షల పౌండ్లు దాటిన లైఫ్ పాలసీకి హంటింగ్టన్స్ పరీక్ష ఫలితం తప్ప, ముందస్తు జన్యు పరీక్షల ఫలితాలేవీ అడగరు.

ఆఫీసులో మేనేజర్‌కు చెబితే సెలవులకు సుళువు కదా?

నాన్న జబ్బు గురించి చెప్పండి, సెలవుకు అది చాలు. మీ జన్యువుల గురించి ఒక్క ముక్క కూడా అనవసరం.

## ఇంటర్నెట్‌లో

హాలీవుడ్ నటుడే బయటికి చెప్పుకున్నాడు. నేను ఫేస్‌బుక్‌లో రాస్తే తప్పేంటి?

క్రిస్ హెమ్స్‌వర్త్ తనకు రెండు ఈ4లున్నాయని 2022లో చెప్పారు. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తేనే రెండవుతాయి. పిల్లలకు తప్పనిసరిగా ఒకటి వెళ్తుంది. అంటే ఆ ఒక్క మాటతో ఆయన అమ్మానాన్నల గురించీ ముగ్గురు పిల్లల గురించీ కూడా లోకానికి చెప్పినట్టే. మీరు రాసే నాలుగు లైన్లలో మీ ఇంటి ఐదారుగురి పేర్లు కనపడకుండా ఉంటాయి. వాళ్ళందర్నీ అడిగాక రాయండి.

ఇంటికి తెప్పించుకునే లాలాజల పరీక్ష కంపెనీల దగ్గర మన డేటా భద్రంగా ఉంటుందా?

ట్వంటీత్రీ అండ్ మీ కథ గుర్తుంచుకోండి. 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి, 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. నమ్మకం పెట్టి ఉమ్మి పంపినవాళ్ళ డేటా వేలంలో ఆస్తిగా నిలబడింది. అకౌంట్ ఉంటే డేటా డౌన్‌లోడ్ చేసుకుని తీసేయమని అడగండి. బంధువులను వెతికిపెట్టే సౌకర్యాన్ని ముందు ఆపేయండి. ఇంకొకటి, అల్జీమర్స్ విషయంలో ఆ కిట్ చూసేది ఏపీఓఈ మాత్రమే, అరుదైన మార్పులను చూడదు. ‘అంతా క్లియర్’ అని చెల్లికి చెప్పేయకండి.

## ఆ తర్వాత

నాన్నకు చూసే న్యూరాలజిస్టుకు ఏపీఓఈ ఫలితం చెప్పాలా?

నాన్నదైతే చెప్పాలి. లెకానెమాబ్, డొనానెమాబ్ లాంటి అల్జీమర్స్ కొత్త మందులతో మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పు రెండు ఈ4లున్నవాళ్ళకు ఎక్కువ. అందుకే ఐరోపాలో లెకానెమాబ్‌కు అనుమతి ఇచ్చినప్పుడు వాళ్ళను పక్కన పెట్టారు.

చెల్లికి చెప్పాను. “ఇప్పుడు నన్నేం చేయమంటావ్?” అంది. ఏం చెప్పాలి?

జన్యువు ఒక్కటే జాతకం కాదని చెప్పండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, వినికిడి తగ్గడం, పొగతాగడం, ఒంటరితనం లాంటి 14 కారణాలను సరిచూసుకుంటే డిమెన్షియాలో 45 శాతం దాకా ఆపడమో వాయిదా వేయడమో కుదరవచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 లెక్క. మన హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ముచ్చట కూడా ఉంది. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013లో అచ్చేసిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు కనిపించింది, చదువు రానివాళ్ళలో కూడా. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే మా పాతబస్తీ పిన్నికి ఇది చెబితే తెగ మురిసిపోయింది.

అందరికీ తెలిశాక, తాళాలు మర్చిపోయినా “మొదలైందా?” అంటున్నారు. ఏం చేయాలి?

ఒకసారి గట్టిగా చెప్పండి, “నాలో తేడా కనిపిస్తే ఫలానా వాళ్ళు నాకు చెప్తారు, మిగతావాళ్ళు చెప్పక్కర్లేదు” అని. ఆ ఫలానా మనిషిని మీరే ఎంచుకోండి. మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

రిపోర్టు కాగితం ఎక్కడ పెట్టాలి?

బీరువాలో, ఆస్తి కాగితాల పక్కన. అరుదైన మార్పు దొరికిన కుటుంబాల్లో ఈ కాగితం విలువ ఎక్కువ. రేపు మేనల్లుడు పరీక్ష చేయించుకోవాలనుకుంటే, ఏ జన్యువులో సరిగ్గా ఏ మార్పు అన్నది తెలిస్తే ఆ ఒక్కదాన్నే చూస్తారు, ఖర్చూ తగ్గుతుంది, జవాబూ స్పష్టంగా వస్తుంది. “మా మామయ్యకు ఏదో ఉందట” అంటే ల్యాబ్ వాళ్ళు ఏమీ చేయలేరు. ల్యాబ్ పేరు, తేదీ ఉన్న పేజీ పోకుండా చూడండి. కవరు అంటించి, ఎవరు అడిగితే ఇవ్వాలో పైన రాయండి. మా ఇంట్లో కవరు మీద రెండు పేర్లున్నాయి, ఇప్పటిదాకా ఒకరే అడిగారు.